ఘటసర్పం కన్ను

మార్ల్‌విక్ ఊళ్ళో ఎమ్మోట పికరెల్ కంటే పొట్టి మనిషి లేదు. ఆమె కాచే బార్లీ కల్లు కంటే గట్టి కల్లూ లేదు. ఒకసారి మరమిల్లు ఆసామి ఆ కల్లు కడుపునిండా తాగి, ఇంటికి వెళ్తూ దారిలో తన గాడిద ముందు మోకరిల్లి పాపసంకీర్తనం చేశాడట. గాడిద అంతా ఓపిగ్గా విని, పిండిలో సున్నం కలిపిన పాపం ఒక్కటి తప్ప మిగతావన్నీ క్షమించిందట. ఊళ్ళో ఇది నమ్మనివాళ్ళు లేరు. గాడిద ఎన్నడూ కాదనలేదు కదా!

ఎమ్మోట మొగుడు రాల్ఫ్ తాటిచెట్టంత మనిషి. ప్రతి ఆదివారం పూజలో గురువుగారు క్రీస్తు శరీరంగా కొలిచే అప్పాన్ని రెండు చేతులతో పైకెత్తే వేళ గంట మోగేది. మోగగానే రాల్ఫ్ పెళ్ళాం చంకల కింద చేతులు వేసి అమాంతం ఎత్తేవాడు. దర్శనం అయ్యాక గడ్డిపరకలు పరిచిన నేల మీద మెల్లగా దించేవాడు, గుడ్ల బుట్ట దించినట్టు. ఆ దర్శనమే ఊరివాళ్ళకు పూజంతా. అప్పాన్ని కళ్ళారా చూసిన రోజున చూపు పోదు, చావు చెప్పాపెట్టకుండా రాదు, తిన్నది వంటబడుతుంది. చూడని రోజు సంగతి ఎవరూ నోటితో అనేవారు కారు.

రాల్ఫ్ జ్వరం వచ్చి పోయాడు. ఎమ్మోట ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంది, మరుసటి ఆదివారం నుంచి జనం మోచేతుల కింద దూరి ముందు వరసకు చేరడం నేర్చుకుంది. అప్పట్లో గురువుగారు పూజ చేసే పీఠానికీ జనానికీ మధ్య అడ్డుగా మోకాలెత్తు కటకటాలు మాత్రమే ఉండేవి. ఎమ్మోట అంతటిదానికి కూడా వాటి మీదుగా అన్నీ కనబడేవి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పక్క ఊరు క్రాన్‌హో వాళ్ళు తమ గుడిలో పీఠం ముందు కొత్త చెక్క తెర కట్టించారు. మార్ల్‌విక్ గుడి పెద్ద హామో బుల్వర్‌కు నిద్ర పట్టలేదు. గొర్రెల మందలున్నవాడు, నిలబడితే నెత్తికి ద్వారబంధం తగిలే పొడుగు, కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. "క్రాన్‌హో వాళ్ళకి తెర ఉండి మనకి లేకపోతే పైన దేవుడికి మనం ఏ మొహం చూపిస్తాం?" అని ఊరిని కూర్చోబెట్టి అడిగాడు. దేవుడు క్రాన్‌హో వైపు అంత తరచుగా చూస్తాడా అని ఎవరూ ఎదురడగలేదు.

ఇక గుడి కల్లు పండగలు మొదలయ్యాయి. పండగకో పీపాల వరస. కాచింది ఎమ్మోట, తాగింది ఊరు, ఆ రాబడితో లేచింది తెర. ఊరు ఎంత శ్రద్ధగా తాగిందంటే తెర అనుకున్నదానికంటే వెడల్పుగా వచ్చింది. పైసగం సన్నని కమ్మీలూ, వాటి మధ్య ద్రాక్షతీగల చెక్కడం. ఆ పైన పెద్ద సిలువ, అటూ ఇటూ మరియమ్మా యోహానూ. కింది సగం మాత్రం సందు లేని పలకలు. ఒక్కో పలక మీద ఒక్కో పునీతుడి బొమ్మ, వెనక బంగారు పూత. పంటినొప్పి తీర్చే అపొలోనియమ్మ చేతిలో పటకారు, దాన్లో ఇంత పన్ను. లారెన్సుగారి చేతిలో ఆయన్ని కాల్చిన ఇనప చట్రం. మధ్య ద్వారం పక్కనే హామో తన సొంత ఖర్చుతో వేయించిన పలక. అందులో పునీత మార్గరెట్, ఆమెను మింగబోయి ఓడిపోయి ఆమె నడుము ఎత్తున తల ఎత్తి గుర్రుగా చూస్తున్న ఎర్ర ఘటసర్పం. హామో చనిపోయిన భార్య పేరు కూడా మార్గరెటే.

తెర దగ్గర తొలి పూజ జరిగింది. గంట మోగింది. ఊరంతా మోకాళ్ళ మీద వాలింది. ఎమ్మోటా వాలింది. కళ్ళు పైకెత్తి చూస్తే చెక్క. పక్కకు వంగితే చెక్క. మెడ సాచితే మరి కాస్త చెక్క.

బయటికి వస్తుంటే ఆడపడుచు ఆగస్ ఎదురైంది. రాల్ఫ్‌కు అక్క, అతనంత పొడుగూ ఉంది.

"ఎంత బావుందే ఎమ్మోటా! ఇవ్వాళ అప్పం ఎత్తితే ఆ కమ్మీల మధ్య సూర్యుడు లేచినట్టుంది."

"నాకు లారెన్సుగారి కాలి బొటనవేలు కనబడింది వదినా. గోరు తీయించుకోవాలి ఆయన."

"మోకాళ్ళ మీద కాస్త లేవకపోయావా?"

"లేచానమ్మా. లేస్తేనే బొటనవేలు. లేవకపోతే నేల."

ఆగస్ పగలబడి నవ్వింది. ఎమ్మోట నవ్వలేదు. తను కాచిన కల్లుతోనే తన కళ్ళకు అడ్డంగా గోడ లేచిందన్న సంగతి అప్పుడే లోపలికి దిగుతోంది.

మరుసటి వారం పీట తెచ్చుకుని దాని మీద మోకరిల్లింది. గంట మోగే సమయానికి పీట ఒరిగి, ఎమ్మోట వెళ్ళి మంగలి ఒడిలో పడింది. ఆ మంగలికి ఇంకా పెళ్ళి కాలేదు. దాని గురించి ఊరు చాలా రోజులు మాట్లాడుకుంది. ద్వారం ఎదురుగా జాగా ఇమ్మంటే భూములున్న వాళ్ళ భార్యలు లంగాలు పరుచుకుని ఇంకాస్త వెడల్పుగా కూర్చున్నారు. చివరికి రేనల్డ్ గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

"చూడకపోతే ఏమమ్మా? గంట విని దణ్ణం పెట్టుకుంటే చాలు. పుణ్యం ఎక్కడికీ పోదు."

"పక్కింట్లో పంది మాంసం వేగుతుంటే వాసన చూసి మీరు భోజనం అయిపోయిందనుకుంటారా గురువుగారూ?"

గురువుగారికి పంది మాంసం ప్రాణం. అందుకే తొందర పనేదో ఉందని వెళ్ళిపోయారు.

దర్శనం లేని ఆదివారాలు పోగవుతున్నాయి. ఎమ్మోట ఎడమకన్ను నీరు కారడం మొదలుపెట్టింది. ఆవు కుంటింది. మంచి మొలకబార్లీ బూజు పట్టింది. మామూలు రోజుల్లో అయితే ఇవి మామూలు సంగతులే. ఇప్పుడు మాత్రం రోజూ పొద్దున్నే మంచం మీద లేచి కూర్చుని ఒక కన్ను మూసి, రెండోది మూసి, గోడకు వేలాడే గరిటె కనబడుతోందో లేదో చూసుకునేది.

అంతలో సరిహద్దుల ఊరేగింపు వచ్చింది. ఆ రోజు గురువుగారూ జెండాలూ ముందు నడవగా ఊరు ఊరంతా పొలిమేర చుట్టూ తిరుగుతుంది. హద్దురాళ్ళ దగ్గర ఆగి ప్రార్థిస్తుంది. క్రాన్‌హో హద్దు దగ్గర మాత్రం ప్రార్థనతో పాటు నాలుగు తిట్లు కూడా వేస్తుంది. ఊరేగింపుకు వెళ్ళనిది ఎమ్మోట ఒక్కతే. తిరిగొచ్చే గొంతులకు కల్లు సిద్ధం చేయాలి కదా. కాబట్టి పీపాలకు చిల్లు కొట్టే బరమా చేతిలో పట్టుకుని గుడి వాకిట్లో నడుస్తున్న ఎమ్మోటను చూసి అనుమానపడటానికి అక్కడ కోళ్ళు తప్ప ఎవరూ లేరు.

తెర ముందు మోకరిల్లింది. ఒక్కో పునీతుణ్ణీ దాటుకుంటూ మోకాళ్ళ మీద జరిగింది. అపొలోనియమ్మ దగ్గర తన కన్ను సరిగ్గా పటకారుకు ఎదురొచ్చింది. పంటినొప్పి దేవతతో పెట్టుకోవడం మంచిది కాదని ఇంకాస్త జరిగింది. మార్గరెట్ పలక దగ్గర ఆగింది. ఘటసర్పం కన్ను సూటిగా ఎమ్మోట కంట్లోకి చూస్తోంది. నల్లటి పెద్ద కనుగుడ్డు. చిల్లు పడినా నల్లగానే ఉంటుంది.

"అమ్మా మార్గరెట్టూ, నీకు కాదు తల్లీ, దానికే" అని చెప్పి బరమా ఆనించి తిప్పింది.

చెక్క మంచిది. కిర్రుమంటూ చాలాసేపు సతాయించింది. రాలిన పొట్టును ఏప్రన్‌లో పట్టుకుంది, నోటితో ఊదింది, కన్ను ఆనించింది. అవతల పీఠం. పీఠం మీద తెల్లగుడ్డ. దాని మీద కిటికీ ఎండ. ఎమ్మోట అలా ఎంతసేపు ఉందో, ఆ రోజు ఊరేగింపు తిరిగొచ్చేసరికి ఒక్క పీపా కూడా తెరిచి లేదు.

ఆ ఆదివారం గంట మోగగానే ఎమ్మోట భక్తిగా తల ముందుకు వంచి నుదురు పలకకు ఆనించింది. చూసేవాళ్ళకు మార్గరెట్ పాదాల మీద పడినట్టుంది. లోపల గురువుగారి చేతులు లేచాయి. ఆ చేతుల మధ్య తెల్లటి అప్పం, నిండు చందమామలా. ఇంటికొచ్చి ఆవును చూస్తే కుంటడం మానేసింది. అది ముల్లు ఊడిపోవడం వల్లే కావచ్చు. ఎమ్మోట అలా అనుకోలేదు.

కొన్నాళ్ళు అంతా సుఖంగా నడిచింది. తర్వాత ఒక ఆదివారం కుండపోత వాన. పండగకు కాస్తున్న బార్లీ రసం సరిగ్గా పూజవేళకే పొంగు మీదికొచ్చింది. వదిలి వెళ్తే మొత్తం పాడవుతుంది. ఎమ్మోట ఆ వారం గుడికి వెళ్ళలేదు. గరిటె తిప్పుతూ ఉండగా తలుపు ధడేలుమని తెరుచుకుంది. ఆగస్, తడిసి ముద్దై ఉంది.

"కన్ను తెరిచిందే! ఎమ్మోటా, అది కన్ను తెరిచింది!"

"ఏది?"

"ఘటసర్పం! వాన మబ్బుకి గుడంతా చీకటి. లోపల గంట మోగింది, పెద్ద దివిటీ వెలిగించారు, అప్పం ఎత్తారు. అంతే, దాని కన్ను భగ్గుమంది! బంగారంలా! నేను చూశాను, మంగలి చూశాడు, మిల్లాయన చూసి గోడెక్కబోయాడు!"

ఎమ్మోట చేతిలోని గరిటె తొట్టిలో పడిపోయింది. లోపలి దివిటీ వెలుగు చిల్లులోంచి బయటికొచ్చిందని ఆమెకు చెప్పనవసరం లేదు. ఇన్నాళ్ళూ ఆ చిల్లుకు తన తలకాయే మూతగా ఉంది.

"నీకు కలేమైనా వచ్చిందేమో వదినా" అంది ఎమ్మోట.

"ఊరంతటికీ ఒకే కలా? ఏమే, అలా పాలిపోయావేం? నువ్వేమీ చూడలేదుగా!"

తర్వాతి ఆదివారం ఎమ్మోట తన చోట మోకరిల్లింది. కన్ను వెలగలేదు. ఊరికి విషయం అర్థమైపోయింది. ఎమ్మోట మోకరిల్లితే పాము నిద్రపోతుంది, ఎమ్మోట లేకపోతే లేస్తుంది. ఆమె ఎదురైతే మగవాళ్ళు టోపీలు తీయడం మొదలుపెట్టారు. పిల్లల తల్లులు ఆమె ఏప్రన్ అంచు తాకి వెళ్తున్నారు. ఆమె చోట మరొకరు అడుగు పెట్టే ధైర్యం చేయడం లేదు. ఎమ్మోటకు ఇంతకంటే ఏం కావాలి?

కానీ హామో బుల్వర్‌కు కావాలి. పెంతెకోస్తు పండగకు ముందురోజు ఆమె ఇంటికొచ్చి, ద్వారబంధం కింద నడుం వంచి లోపలికి దూరాడు.

"ఎమ్మోటమ్మా, రేపు నువ్వు వెనక, జ్ఞానస్నానపు తొట్టి దగ్గర నిలబడాలి."

"ఎందుకయ్యా?"

"క్రాన్‌హో వాళ్ళందరినీ పిలిచాను. వాళ్ళ తెరలో ఉన్నది కన్ను మూసిన గొర్రెపిల్ల. మనకి కన్ను తెరిచే ఘటసర్పం! రేపు అది తెరవాలి. నువ్వు అక్కడుంటే తెరవదు."

"తెరిచి బయటికొస్తే?"

"వస్తే పట్టుకుందాం. క్రాన్‌హోలో అదీ లేదు." అతని చెవులు ఎర్రగా వెలుగుతున్నాయి. "రేపే కాదు, పండగలన్నిటికీ అంతే. ఆ పలక నా మార్గరెట్ పేరు మీద వేయించాను. దానికి మహిమ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయి."

అతను వెళ్ళాక ఎమ్మోట పీపా మీద కూలబడింది. చిల్లు సంగతి చెప్పకపోతే ఆ చోటు పోతుంది, దర్శనం పోతుంది. చెబితే చిల్లుకు బిరడా కొడతారు, దర్శనం అప్పుడూ పోతుంది, పైగా ప్రాయశ్చిత్తమని ఒంటి మీద ఒట్టి లోపావడాతో, చేతిలో కొవ్వొత్తితో గుడి చుట్టూ తిప్పుతారు. ఎటు తిరిగినా చెక్కే కనబడుతోంది.

పెంతెకోస్తు నాడు గుడి కిక్కిరిసింది. ఎండ మాత్రం మహా పేలిపోతోంది. కిటికీలన్నింట్లోంచీ వెలుగు దూసుకొస్తోంది. తొట్టి పక్కన జనం నడుముల మధ్య ఇరుక్కుని ఎమ్మోట ఎవరిదో బెల్టు బకిల్ చూస్తూ నిలబడింది. గంట మోగింది. అందరూ మోకరిల్లి ఘటసర్పం వైపు చూశారు.

కన్ను వెలగలేదు. అంత ఎండలో దివిటీ వెలుగు ఎవరికి ఆనుతుంది?

క్రాన్‌హో గుడి పెద్ద పెర్కిన్ డ్రేక్ లావుపాటి మనిషి, లావుపాటి గొంతు. "ఏం హామో, మీ పాముకి ఎండ పడదా? లేక మీ కల్లు తాగి పడుకుందా?" అని గుసగుసగా అన్నాననుకుని గుడంతా వినబడేలా అన్నాడు. క్రాన్‌హో వాళ్ళు కిసుక్కుమన్నారు. పెర్కిన్‌కు ఉత్సాహం వచ్చింది. మోకాళ్ళ మీదే ముందుకు పాకి, "లే నాయనా, లే" అంటూ ఘటసర్పం కంట్లో వేలు పొడిచాడు.

వేలు లోపలికి పోయింది. పెర్కిన్ మొహం మారింది. లాగాడు. రాలేదు.

"కరిచింది! బాబోయ్, కరిచింది! పట్టుకుంది నన్ను!"

సగం జనం తలుపు వైపు పరుగెత్తారు, సగం జనం వాళ్ళ మీద పడ్డారు. మిల్లాయన మళ్ళీ గోడెక్కబోయాడు. తెర అవతల రేనల్డ్ గురువుగారు రెండు చేతులూ పైకెత్తి ఉండగా, పలకలోంచి ఒక బొద్దు వేలు బయటికొచ్చి ఆయన వైపు ఆడుతోంది. ఆయన చాలా ఊళ్ళల్లో పూజ చేసినవారు. కళ్ళు గట్టిగా మూసుకుని లాటిన్ ప్రార్థన కొనసాగించారు.

"గొడ్డలి తీసుకురండి! దాని తల నరకండి!" అని పెర్కిన్ మనుషులు అరిచారు.

గొడ్డలి అన్నమాట ఎమ్మోట చెవిన పడింది. గొడ్డలి వస్తే కన్నూ పోతుంది, పలకా పోతుంది, ఇంక దాచడానికేముంది? జనం కాళ్ళ మధ్యనుంచి దూరి ముందుకొచ్చింది. పీపాల బిరడాలకు రాయడానికి జేబులో పెట్టుకున్న బాతు కొవ్వు తీసింది.

"అరవకండయ్యా. వేలు ముడుచుకుంటే ఇంకా బిగుస్తుంది. వదులుగా పెట్టండి." కొవ్వు రాసి, మణికట్టు పట్టుకుని కాస్త తిప్పి లాగింది. వేలు టప్‌మని ఊడొచ్చింది, పీపా బిరడా ఊడినట్టు.

పూజ అయ్యేదాకా హామో ఎలాగో ఆగాడు. అయ్యాక తెర ముందు నిలబడి, "ఎమ్మోటమ్మా, నీకెలా తెలుసు?" అన్నాడు.

"ఎందుకంటే ఆ చిల్లు నాది. నేనే కొట్టాను, బరమాతో."

 క్రాన్‌హో వాళ్ళు పగలబడి నవ్వారు.

"నా మార్గరెట్ పలకకి చిల్లా!" హామో చెవులు చూసి ముందు వరసవాళ్ళు వెనక్కి జరిగారు. "ఊరంతా చెమటోడ్చి కట్టుకున్న తెర!"

"ఊరు చెమటోడ్చలేదయ్యా, తాగింది. చెమటోడ్చింది నేను. ఈ తెరలో సగం నా కల్లు. మీ సగం జోలికి నేను రాలేదు. నా సగంలో నా కన్నంత చోటు తీసుకున్నాను. మీకేం, పొడుగువాళ్ళు. మోకరిల్లినా మీకు అంతా కనబడుతుంది. ఇక్కడ నా ఎత్తున మోకరిల్లి ఒక్కసారి చూడండి, అప్పుడు అనండి."

"ఎంత నష్టం చేశావో చూస్తానుండు" అని హామో కోపంగా మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎమ్మోట ఎత్తుకు రావడానికి నడుం వంచాడు, మెడ వంచాడు, చెంప తెరకు ఆనించాడు. మొదట చెక్క కనబడింది. తర్వాత కన్ను చిల్లుకు దొరికింది.

లేవలేదు. ఎంతకీ లేవలేదు.

"ఏం కనబడుతోంది?" అని పెర్కిన్ వేలు చీకుతూ అడిగాడు.

"పీఠం" అన్నాడు హామో. అలాగే వంగి ఉండి, ఎవరితో అంటున్నాడో తెలియనట్టు అన్నాడు: "నా మార్గరెట్ కూడా పొట్టిదే. ప్రతి ఆదివారం ఇంటికెళ్ళేటప్పుడు, ఎలా ఉంది ఇవ్వాళ, అని అడిగేది. ఎప్పటిలాగే ఉంది పద, అనేవాణ్ణి."

 

హామో మోకాళ్ళు పట్టుకుని లేచి, ముక్కు చీది, గురువుగారి వైపు తిరిగాడు. "ఈ చిల్లు ఉంటుంది గురువుగారూ."

గురువుగారు గడ్డం గోక్కున్నారు. "గుడి కట్టుబాటు ప్రకారం తెరకు జనం వైపు మొహం మీది, పీఠం వైపు మొహం నాది. సగం చిల్లు పూడ్చడం నాకు చేతకాదు. కానీ తప్పు తప్పే. ఎమ్మోటా, ప్రాయశ్చిత్తంగా ఈ ఎండాకాలమంతా నా తెల్ల అంగీలు ఉతుకు. ఇంకోసారి పలకల్లోంచి వేళ్ళు మాత్రం రానివ్వకు. నా గుండె అంత గట్టిది కాదు."

"ఉతుకుతాను గురువుగారూ."

"అయితే నాకూ ఒకటి కొట్టవే" అంది వెనకనుంచి కొలిమివాడి పెళ్ళాం. ఆమె ఎమ్మోట కంటే నాలుగు వేళ్ళు పొడుగు.

"మా అమ్మకి మోకాళ్ళు వంగవు. ఆమెకి బల్ల మీద కూర్చుంటే అందేలా" అన్నాడు మంగలి.

"నాకూ" అంది ఆగస్.

"నీకెందుకు వదినా? నీకు పైనుంచి కనబడుతూనే ఉంది కదా!"

"కనబడితే మాత్రం? అందరికీ ఉండి నాకు లేకపోతే ఏం బావుంటుంది?"

ఆ వారమంతా గుడిలో బరమా కిర్రుమంటూనే ఉంది. ఒక్కొక్కరినీ మోకరిల్లబెట్టి, కంటి ఎదురుగా బొగ్గుతో గుర్తు పెట్టి, పునీతుల మొహాలు తప్పించి ఎమ్మోట కొడుతూ పోయింది. పటకారు పక్కన ఒకటి, ఇనప చట్రం గళ్ళ మధ్య ఒకటి, మేఘంలో ఒకటి. మంగలి తల్లికి ఒకటి. ఆ ముసలామె చూసి, "గురువుగారు ఇంత చిక్కిపోయారేంటి?" అని బాధపడింది. క్రాన్‌హో నుంచి ఇద్దరు ఆడవాళ్ళు దొంగతనంగా వచ్చి బరమా ఎరువు అడిగారు. ఇచ్చింది, పెర్కిన్‌కు చెప్పొద్దని చెప్పి.

ఆదివారం వచ్చింది. గంట మోగింది. తెర పొడుగునా జనం ఎవరి చిల్లుకు వాళ్ళు కన్ను ఆనించారు. లోపల గురువుగారు ఒకసారి ఓరగా చూస్తే, పునీతుల మధ్య ఎత్తుకో కన్ను తడిగా మెరుస్తూ తనవైపే చూస్తోంది. లాటిన్‌లో ఒక మాట తడబడి, మళ్ళీ అందుకున్నారు. చేతులు మామూలు కంటే కాస్త పైకి లేచాయి.

ఎమ్మోట తన ఘటసర్పం కంట్లోంచి చూసింది. తెల్లగా, గుండ్రంగా, స్పష్టంగా, అంచులతో సహా కనబడింది. వెనకనుంచి ఎవరో భుజం తట్టి, "అయిందా, ఒక్కసారి జరగవూ" అన్నారు. ఎమ్మోట జరగలేదు.